మార్జాలాభిమతము

పెద్దజాతి పిల్లులను ఇండ్లలో పెంచువారు నేడు మన నగరములలోను, సముద్రముల కావల స్థిరపడిన మన బంధుమిత్రుల గృహములలోను నానాటికి పెరుగుచున్నారు. వారందరును ఇంచుమించుగా ఒకే చిక్కును ఎదుర్కొనుచున్నారు. మేయిన్ కూన్, రాగ్‌డాల్ మొదలగు జాతుల మార్జాలములకు మలమూత్ర విసర్జనార్థమై పెట్టెలో పోయు బంకమట్టి లిట్టరు సంచులకు సంచులు వ్యయమగుచుండుటచేతను, ఆ మట్టిధూళి యిల్లంతయు ఆవరించుచుండుటచేతను, వారు దానికి బదులుగా రంపపుపొట్టు గుళికలు, కొబ్బరిపొట్టు, కర్రపెండలపు రవ్వ, సోయాచిక్కుడు పిప్పి, కాగితపు ముక్కలు, తుదకు కోళ్లదాణా వరకు పరీక్షించి చూచుచున్నారు. ఈ యన్వేషణ నిందింపదగినది కాదు. దీనిని నేను హృదయపూర్వకముగా సమర్థించుచున్నాను. కాని యీ పరీక్షలలో తీర్పు చెప్పు నధికారమును మన నాసికకును మన ధనకోశమునకును అప్పగించి, ఆ పెట్టెలో దినమునకు పలుమారులు పాదము మోపవలసిన ప్రాణి యభిమతమును విచారింపకుండుట న్యాయము కాదని నా నిశ్చితాభిప్రాయము.

పూర్వము మన గ్రామములలో ఈ ప్రశ్నయే పుట్టలేదు. పొయ్యిలో పిల్లి లేవకుండుటనుబట్టి యింటి దారిద్ర్యమును కొలిచిన జాతి మనది; ఆ పిల్లి పొయ్యి విడిచినపిమ్మట దొడ్డిలోని బూడిదకుప్పనో, పాదులలోని వదులుమట్టినో ఆశ్రయించి, తన పని చక్కబెట్టుకొని, పంజాతో మన్ను కప్పి వచ్చెడిది. ఈ యాచారము మనము నేర్పినది కాదు. నేటి పెంపుడుపిల్లులకు మూలమైన అడవిపిల్లి, పశ్చిమాసియాలోని తొలి ధాన్యాగారముల చుట్టును ఎలుకలకై చేరి, సుమారు 10,000 సంవత్సరముల క్రిందట మానవుని సహవాసమునకు అలవడినది. ఎండిన నేలలలో మనుగడ సాగించిన యా జాతికి నీటిని మిక్కిలి పొదుపుగా వాడి మూత్రమును చిక్కగా విసర్జించు మూత్రపిండములును, సన్నని మన్నును త్రవ్వి పూడ్చు స్వభావమును ప్రకృతిసిద్ధములు. మూత్రములోని యూరియాను సూక్ష్మజీవులు అమోనియాగా మార్చుటచేత మనకు దుర్భరమైన వాసన మొదటిదానినుండి పుట్టుచున్నది. ఆ బాధకు పరిహారము రెండవదానియందే యున్నది. త్రవ్వి పూడ్చుటకు అనువుగాని వస్తువు ఎంత సుగంధభరితమైనను, ఎంత చౌకయైనను, లిట్టరు కాజాలదు.

అమెరికాలో సైతము 1947 వరకు పిల్లిపెట్టెలలో బూడిద, ఇసుక, రంపపుపొట్టులే వాడుకలో నుండెను. ఆ సంవత్సరమున మిషిగన్ రాష్ట్రములోని కాసోపొలిస్ అను చిన్నపట్టణమునందు, చమురును తడిని పీల్చు మట్టిని, రంపపుపొట్టును అమ్ము వ్యాపారములో తండ్రికి తోడుగా నుండిన ఎడ్ లో అను యువకుని కడకు పొరుగింటి యామె వచ్చి, తన పిల్లి పెట్టెలోని బూడిదను తొక్కి యిల్లంతయు నల్లని యడుగుజాడలు వేయుచున్నదని చెప్పి కొంచెము ఇసుక కోరగా, అతడు ఇసుకకు బదులు బట్టీలో ఎండించిన ముల్తానీమట్టి రవ్వను ఇచ్చెను. పిదప దానినే సంచులలో నింపి అంగళ్లకు చేర్చి లోకప్రసిద్ధుడయ్యెను. ఆ మట్టి తడిని పీల్చునే కాని ముద్దకట్టదు. ముద్దకట్టు బెంటొనైటు లిట్టరును 1984లో టామస్ నెల్సన్ అను జీవరసాయన శాస్త్రజ్ఞుడు రూపొందించెను. సోడియము బెంటొనైటు తడి తగులగనే పెక్కురెట్లు ఉబ్బి మూత్రమును ముద్దగా బంధించును. ఆ ముద్దను గరిటెతో తీసివేసినచో మిగిలిన మట్టి నిర్మలముగా నుండును. 1991లో పీటర్ బోర్షెల్ట్ అను జంతుప్రవర్తన శాస్త్రజ్ఞుడు పలువిధములైన లిట్టర్లను పిల్లుల యెదుట నుంచి పరిశీలించి, సన్నని రవ్వగల ముద్దకట్టు మట్టినే అవి యెక్కువగా కోరుచున్నవని ప్రకటించెను. ప్రత్యామ్నాయములను వెదకు ప్రతివారును ఈ సత్యమును ముందుగా అంగీకరింపవలెను: మనము తీసివేయదలచిన వస్తువు మనకు కష్టమైనదే కాని, పిల్లికి ప్రియమైనది.

మనకు కష్టమనుటలో అబద్ధము లేదు. బెంటొనైటును భూమిని విస్తారముగా త్రవ్వి తీయుదురు. మన దేశమున కచ్ఛ ప్రాంతమును, రాజస్థానములోని బార్మేరు జిల్లాయు దీనికి నెలవులు. ఒకసారి వాడి పారవేసిన మట్టి చెత్తకుప్పలో చివికి ఎరువగునది కాదు. దానిని త్రవ్వినపుడెల్ల లేచు ధూళిలో స్ఫటికరూపమైన సిలికా కొంత యుండును గనుక ఉబ్బసముగలవారికిని, పెట్టెలో మోము వంచి త్రవ్వు పిల్లికిని అది మంచిది కాదు. ఏది పడిన నది నోట పెట్టుకొను పసికూనలకు ముద్దకట్టు మట్టి అపాయకరము. అది కడుపులో ఉబ్బి ప్రేగులను అడ్డగింపవచ్చును. లిఫ్టు లేని భవనమున మూడవ యంతస్తునకు ఇరువది కిలోల బస్తాను మోయు వృద్ధదంపతుల అవస్థ మనము కన్నులార చూచుచున్నదే.

పెద్దపిల్లి యనగా బరువైన పిల్లి యని మాత్రమే భావింపరాదు. మేయిన్ కూన్ జాతి మగపిల్లి సాధారణముగా 6 నుండి 8 కిలోగ్రాములు తూగును. పూర్తిగా ఎదుగుటకు మూడు నాలుగు సంవత్సరములు, ఒక్కొక్కప్పుడు అంతకన్న ఎక్కువకాలము పట్టును. దాని కాలివ్రేళ్లనడుమ వెండ్రుకల కుచ్చులును, వెనుకతొడలపై దట్టమైన రోమములును ఉండును. మంచునేలపై నడచుటకు అనువైన యీ కుచ్చులు పెట్టెకడ చిక్కు తెచ్చును. తేలికపాటి పొట్టు ఏదైనను వానికి అంటుకొని పరుపుల మీదికి వచ్చును, తడిసిన మెత్తనిపిండి తొడలరోమములలో ఆరి గట్టిపడి పిల్లిని బాధించును. నిలుచుండియే మూత్రము విడుచు పిల్లులు కొన్ని కలవు. పెద్దపిల్లి అట్లు చేసినచో ధార పొట్టిగోడను దాటి నేలపై పడును. పిల్లి ముక్కుకొన నుండి తోక మొదటివరకు గల పొడవునకు ఒకటిన్నర రెట్లు నిడివిగల పెట్టె కావలెనని పశువైద్యులు చెప్పుదురు. ఈ లెక్కను దేహము 60 సెంటీమీటర్లున్న పిల్లికి 90 సెంటీమీటర్ల తొట్టి వలయును. అంగడిలో దొరకు పెట్టెలు చాలవరకు అంతకు చాల తక్కువ. తిరుగుటకు చోటు చాలక, సగము దేహము వెలుపలనుంచి గట్టుమీద విసర్జించిన పిల్లిని చూచి, కొత్త లిట్టరు దానికి గిట్టలేదని తీర్మానించువారు పెక్కుమంది కలరు. లిట్టరు మార్చుటకు ముందు పెట్టె మార్చవలెను. దుప్పట్లు దాచుకొను పెద్ద ప్లాస్టిక్ డబ్బాను తీసికొని, ఒకవైపు గోడను పిల్లి సుఖముగా దాటునంత క్రిందికి కోసి, అంచును ఉప్పుకాగితముతో నునుపు చేసినచో, ఖరీదైన యే పెట్టెకును అది తీసిపోదు. పెట్టెలు కూడ పిల్లుల సంఖ్యకన్న ఒకటి యెక్కువగా నుండుట మేలు.

ప్రత్యామ్నాయములలో నా మనస్సునకు మిక్కిలి నచ్చినది రంపపుపొట్టు గుళిక. ఉత్తర అమెరికాలో శీతకాలమున పొయ్యిలలో మండించుటకును, గుర్రపుసాలలలో పరచుటకును ఎండిన పైన్ కలప పొట్టును అధికపీడనముతో ఒత్తి, సుమారు 6 మిల్లీమీటర్ల మందముగల గుళికలుగా చేయుదురు; ఆ ఒత్తిడివలన పుట్టు వేడిమికి కలపలోని లిగ్నిన్ మెత్తబడి తానే బంధకమగుటచేత సాధారణముగా వేరుజిగురు అవసరముండదు. గుళిక మూత్రమును పీల్చి, ఉబ్బి, విడిపోయి పొట్టుగా రాలును. అడుగున రంధ్రములుగల జల్లెడపెట్టెను మరియొక పెట్టెలో నమర్చి దినమున కొకసారి కదలించినచో, తడిసిన పొట్టు క్రిందికి జారి పొడిగుళికలు పైన నిలుచును. ధూళి స్వల్పము, బరువు తక్కువ, గుళిక పెద్దదగుటచే కాలికుచ్చులలో చిక్కుకొనదు, పారవేసినపిమ్మట మట్టిలో చివికిపోవును. ఇన్ని గుణములున్నను దీనియందొక దోషము కలదు. గుళిక గుండ్రముగా, కఠినముగా నుండి బరువైన పిల్లి పాదము క్రింద దొర్లును. సన్నని మట్టికి అలవడిన పాదమునకు అది కంకరబాట వంటిది. అందుచేత తొలుత కొన్ని గుళికలపై గోరువెచ్చని నీరు చల్లి, అవి పొట్టుగా విచ్చిన తరువాత ఆరబెట్టి, ఆ పొట్టును పైన మెత్తగా పరచవలెను. మా యింటి పెద్దపిల్లి గుళికలను వాసన చూచి తొలగిపోయినదే కాని, ఈ మెత్తనిపొట్టు పరచినపిదప అభ్యంతరము చెప్పక త్రవ్వనారంభించినది.

అయితే మన సామిల్లులలో బస్తాలకెత్తు పొట్టును తిన్నగా తెచ్చి పెట్టెలో పోయుట నేను సమ్మతింపను. అందు టేకు పొట్టు కలిసియుండును. టేకుధూళి చర్మమునకును శ్వాసకోశములకును చెరుపు చేయునని వడ్రంగులెరుగుదురు. ప్లైవుడ్డు కోసిన పొట్టులో ఫార్మాల్డిహైడు కలిసిన జిగురు ఉండును. బాయిలర్లలో కాల్చుటకై మన దేశమున చేయుచున్న గుళికలలోను పలువిధములైన పంటవ్యర్థములు చేరుచుండును. అవి జంతువుల పాదముల కొరకు ఉద్దేశింపబడినవి కావు. ఏ కలపయో స్పష్టముగా చెప్పగల విక్రేతయొద్దనే కొనవలెను.

నదిలోని ఇసుకను గురించి చెప్పవలసినది కొంచెమే: అది తడిని పీల్చదు, మూత్రము అడుగున మడుగుకట్టును, పైగా గోదావరీ కృష్ణాతీరములు ఇసుకత్రవ్వకములచే పొందిన హాని ఇప్పటికే చాలును. వరి ఊక పైపొర జిడ్డువంటి మైనముతోను సిలికాతోను కూడినది కావున తడి నంతగా పీల్చదు. గాలికి ఎగురును, పాదములకు గ్రుచ్చుకొనును. కోనసీమలో సమృద్ధిగా లభించు కొబ్బరిపొట్టు మాత్రము విచారింపదగినది. తన బరువునకు పెక్కురెట్ల నీటిని పీల్చుకొనును. స్పర్శకు తోటమట్టివలె నుండుటచే పిల్లులు ఇష్టపడును. కాని కుచ్చుకాళ్ల పెద్దపిల్లి దానిని ఇల్లంతయు మోసుకొనిపోవును. పొట్టివెండ్రుకల పిల్లులున్న యింటికి అది మేలు.

మొక్కజొన్న, గోధుమ, కోళ్లదాణాలను లిట్టరుగా వాడుటను నేను వ్యతిరేకించుచున్నాను. అవి ముద్దకట్టుననుటయు, పిల్లులు కొన్ని వానిని అంగీకరించుననుటయు నిజమే. ఐనను తినదగిన ధాన్యమును మూత్రము పీల్చుటకు వినియోగించుట నా మనస్సు ఒప్పని పని. అంతకన్న బలవత్తరమైన కారణమొకటి కలదు. మన వర్షాకాలపు తేమలో తడిసిన ధాన్యము బూజుపట్టుటకు ఎంతకాలమును పట్టదు. ఆస్పర్జిల్లస్ జాతి బూజు అఫ్లటాక్సిన్ అను విషమును పుట్టించును. 1960లో ఇంగ్లండున బూజుపట్టిన వేరుసెనగపిండి తిని లక్షకు పైగా టర్కీకోళ్లు మరణించిన పిమ్మటనే ఈ విషము శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చినది. కాళ్లు నాకి శుభ్రపరచుకొను జంతువు తొక్కు వస్తువు దాని నోటిలోనికి పోవుచున్నదని మరువరాదు. కర్రపెండలపు రవ్వ సన్నదనమునను, ముద్దకట్టుటయందును బెంటొనైటునకు దగ్గరగా నుండుట గమనింపదగినది. పెద్దాపురము, సామర్లకోట ప్రాంతముల సగ్గుబియ్యపు మిల్లులనుండి వెలువడు పిప్పి పశువుల మేతగా పోవుచున్నది; పశువులకు మిగిలినదానిని శుభ్రపరచి, ఎండించి, సన్నని రవ్వగా చేయువారెవరైనను ముందుకు వచ్చినచో, దూరదేశపు లిట్టరు కొనువారిలో కొందరైనను దానివైపు మొగ్గుదురని నా నమ్మకము.

సోయాపిప్పి, కర్రపెండలము మొదలగువానిని మరుగుదొడ్డిలో పోసి నీరు వదలవచ్చునని సంచులపై వ్రాయుచుందురు. ఈ సలహాను పాటింపరాదు. కొన్ని పిల్లుల మలములో టాక్సోప్లాస్మా అను పరాన్నజీవి యొక్క గ్రుడ్లవంటి కోశములుండును. మురుగునీటిలో కలుపు క్లోరీను వానిని చంపజాలదు. కాలిఫోర్నియా తీరమున సముద్రపు నీటికుక్కలు ఈ పరాన్నజీవిచే మరణించుచుండుటను గమనించి, పిల్లిమలమును మరుగుదొడ్డిలో వేయవలదను హెచ్చరికను లిట్టరు సంచులపై ముద్రింపవలెనని ఆ రాష్ట్రము 2006లో శాసనము చేసెను. మలములోని కోశము అంటువ్యాధి కలిగించు దశకు వచ్చుటకు ఒకటి నుండి అయిదు దినములు పట్టును. కావున ఏ లిట్టరైనను దినదినము మలమును ఎత్తివేయుటయే ముఖ్యరక్ష. గర్భవతులు ఆ పని ఇంటిలోని ఇతరులకు విడువవలెను. వాడిన పొట్టును కూరగాయల పాదులలో వేయకుండుట మంచిది.

ఇక పరీక్షించు విధానము. పాతపెట్టెను రాత్రికి రాత్రి తొలగించి కొత్తవస్తువును దానిచోట నిలుపుట పిల్లిని ప్రశ్నించుట కాదు, నిర్బంధించుట. పాతమట్టిగల పెట్టె ప్రక్కనే కొత్త లిట్టరుగల పెట్టె నుంచి, పిల్లి తనంతట తాను దేనిలోనికి పోవుచున్నదో కొన్ని వారములు ఓపికతో చూడవలెను. లేదా పాతదానిలో కొత్తదానిని చారెడుచొప్పున కలుపుచు పోవలెను. సుగంధద్రవ్యములు కలిపినదానిని వర్జింపవలెను. పిల్లి మూలలో మూత్రము పోసినంతమాత్రమున దానిని దండించుట క్రౌర్యము; అమెరికాలో ఇండ్లనుండి వెళ్లగొట్టబడి శరణాలయములకు చేరు పిల్లులలో ఎన్నియో ఈ యొక్క నేరము మోపబడినవే. అది పెట్టెను నిరాకరించుట అవిధేయత కాదు. మనము కల్పించిన వసతిలోని లోపమునకు సాక్ష్యము.

ఆ సాక్ష్యము ఒక్కొక్కప్పుడు లిట్టరును గూర్చినది కాకపోవచ్చును. మగపిల్లులకు మూత్రనాళము సన్ననైనది. స్ఫటికములతోనో, శ్లేష్మపు బిరడాతోనో అది పూడుకొనిపోయినచో పిల్లి మాటిమాటికి పెట్టెలోనికి పోయి, ముక్కుచు, చుక్కయైనను రాక వెలికివచ్చును. ముద్దకట్టు మట్టిలో ముద్దల పరిమాణమే మనకు సమాచారమిచ్చెడిది. గుళికలకు, పొట్టునకు మారినవారు జల్లెడక్రింద పడిన తడిపొట్టు ఎంతయో ప్రతిదినము గమనించు అలవాటు చేసికొననిదే ఈ సూచన కంటబడదు. ఈ మార్పును కోరువారికి నేను ముందుగా చెప్పునది ఇదియే. పిల్లి ముక్కుచు మూత్రము రాక యల్లాడుచున్నపుడు, కొత్త లిట్టరు నచ్చలేదేమోయని సంచులు మార్చుచు కూర్చుండినచో ఒకటి రెండు దినములలో ప్రాణము పోవును; దానిని తక్షణమే, అర్ధరాత్రియైనను, పశువైద్యుని కడకు కొనిపోవలెను.