కట్టని వడ్డీ ఎంతైతేనేం?

మా మేనమామ రైల్వేలో గార్డుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. మౌలాలిలో, గుట్ట కనిపించేంత దూరంలో ఇల్లు కట్టుకున్నారు. 2011లో ఒక ఆదివారం ఆయన్ని చూడబోయినప్పుడు, నాకు కొత్తగా వచ్చిన క్రెడిట్ కార్డును తీసి చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, కళ్ళద్దాలు సవరించుకుని, ఒకే ఒక్క ప్రశ్న వేశారు.

"ఎన్ని రూపాయల వడ్డీరా?"

"వడ్డీ కట్టే పనే లేదు మామయ్యా. గడువులోగా మొత్తం చెల్లించేస్తాను. నెలన్నర పైగా వాళ్ళ డబ్బు ఉత్తపుణ్యానికి వాడుకోవచ్చు" అన్నాను, కాస్త గర్వంగానే.

"నువ్వు కడతావా కట్టవా అని నేనడగలేదు. ఎన్ని రూపాయలని అడిగాను."

నాకు తెలియదు. తెలుసుకోవలసిన అవసరం ఉందని కూడా అప్పుడు అనిపించలేదు. పాత తరం మనిషి, కొత్త సరుకు అర్థం కాలేదు అనుకుని నవ్వుకున్నాను. ఎన్నడూ బాకీ మిగల్చని వాడికి వడ్డీరేటుతో పనేమిటి? ఈత కొలనులో దిగనివాడికి దాని లోతెంతైతేనేం? ఈ వాదం వినడానికి నిక్కచ్చిగా ఉంటుంది. చాలాకాలం నేనూ దాన్నే నమ్మాను. ఇప్పుడు నమ్మడం లేదు. ఎందుకు నమ్మడం లేదో చెప్పడమే ఈ టపా ఉద్దేశం.

ముందుగా మామయ్య కొలమానం గురించి. మనవాళ్ళు వడ్డీని ఏటికి ఇన్ని శాతం అని లెక్కపెట్టరు. నూటికి నెలకు ఎన్ని రూపాయలని అడుగుతారు. రూపాయి వడ్డీ అంటే ఏటా 12 శాతం, రెండు రూపాయలంటే 24. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మహిళా సంఘాల కోసం వచ్చిన పథకానికి 'పావలా వడ్డీ' అని పేరు పెట్టినప్పుడు, అది ఏటా 3 శాతమని ఎవరూ వివరించి చెప్పనవసరం లేకపోయింది. మన దేశంలో చాలా క్రెడిట్ కార్డుల వడ్డీ నెలకు 3.5 శాతం దరిదాపుల్లో ఉంటుంది. మామయ్య భాషలో అది మూడున్నర రూపాయల వడ్డీ, అంటే ఏటా 42 శాతం. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే నాలుగు రూపాయల పదమూడు పైసలు అవుతుంది. ఆ సంఖ్య వింటే మన ఊళ్ళలో ఏ రైతైనా కండువా దులుపుకుని లేచిపోతాడు. "ఫైనాన్స్ ఛార్జీ" అని చిన్న అక్షరాల్లో రాస్తే మాత్రం, చదువుకున్న మనం సంతకం పెట్టి వస్తాం.

ఇక నా సంగతి. 2013లో అమ్మ కంటి శస్త్రచికిత్సకు ఆస్పత్రిలో 40,000 రూపాయలు కార్డుతో చెల్లించాను. అది నెల అయిదో తారీకు. బిల్లు ఇరవయ్యో తారీకున వచ్చింది, కట్టవలసిన గడువు మరుసటి నెల పది. ఆ రోజుల హడావుడిలో బిల్లు తెరిచి చూడకుండా, పాత నెల అంకె ఏదో మనసులో ఉండి, పదో తారీకున 38,000 పంపించాను. మిగిలింది 2,000. తరువాతి బిల్లులో వడ్డీ 1,600 పైచిలుకు వచ్చింది. బ్యాంకు వాళ్ళకు ఫోన్ చేస్తే, ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా, షరతులన్నీ కార్డుతో పాటు పంపిన పుస్తకంలోనే ఉన్నాయని చెప్పింది. ఆమె చెప్పింది నిజమే. పుస్తకంలో ఉన్నాయి.

2,000 బాకీకి 1,600 వడ్డీ ఎలా అయింది? మొత్తం బిల్లు గడువులోగా కడితేనే వడ్డీలేని గడువు అనే వరం. ఒక్క రూపాయి తగ్గినా ఆ వరం వెనక్కి పోతుంది. అప్పుడు ఖర్చుపెట్టిన రోజునుంచీ మొత్తం 40,000 మీద, నేను కట్టిన రోజు దాకా 35 రోజులకు లెక్క కట్టారు. పైగా బాకీ పూర్తిగా తీరేవరకు కొత్తగా కొన్న ప్రతి వస్తువు మీదా మొదటిరోజు నుంచే వడ్డీ. ఎన్నడూ బాకీ పెట్టనివాడినన్న నా బిరుదు ఒక పొరపాటుతో ఊడిపోయింది.

అయితే అది రేటు తప్పు కాదు, నా అజాగ్రత్త తప్పు అంటారు కొందరు మిత్రులు. ఒప్పుకుంటాను. కాని లెక్క చూడండి. అదే పొరపాటు ఏటా 18 శాతం వడ్డీ ఉన్న కార్డు మీద చేసి ఉంటే నాకు పడే జరిమానా 690 రూపాయలు. 42 శాతం కాబట్టి 1,611. పొరపాటు ఒకటే, దాని ఖరీదు రెండింతలకు పైగా. పొరపాటు చేయడం చేయకపోవడం మన చేతిలో ఉండవచ్చు. చేసినప్పుడు ఎంత నష్టపోవాలో నిర్ణయించేది మాత్రం ఆ రేటే. అగ్నిప్రమాదం జరగదని నమ్మకం ఉన్నవాడు కూడా ఇంటికి గడ్డికప్పా పెంకుటికప్పా అని ఆలోచిస్తాడు కదా.

ఇక్కడొక సవరణ చెప్పాలి. భారతీయ రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్‌లో క్రెడిట్ కార్డుల మీద సమగ్రమైన ఆదేశాలు ఇచ్చింది. కట్టని ఛార్జీలను, పన్నులను అసలులో కలిపి వాటి మీద మళ్ళీ వడ్డీ వేయకూడదంది. గడువు దాటి మూడు రోజులు మించితేనే ఆలస్య రుసుము వేయవచ్చంది. కట్టిన సొమ్మును మినహాయించి, మిగిలిన బాకీ మీదే వడ్డీ వేయాలని ఆ తరువాత స్పష్టం చేసింది. ఇవన్నీ మేలైన మార్పులే. కాని బిల్లు మొత్తం కట్టకపోతే వడ్డీలేని గడువు పోతుందన్న సూత్రం పోలేదు. ఏటా ఇంతకు మించకూడదు అన్న గీత కూడా ఎవరూ గీయలేదు.

ఆ గీత గీసే ప్రయత్నం ఒకసారి జరిగింది. 2008 జూలై 7న జాతీయ వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్, క్రెడిట్ కార్డు బాకీల మీద ఏటా 30 శాతానికి మించి వడ్డీ వసూలు చేయడం అనుచిత వ్యాపార పద్ధతి అని తీర్పు చెప్పింది. బ్యాంకులు సుప్రీం కోర్టుకు వెళ్ళాయి. 2024 డిసెంబరు 20న సుప్రీం కోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. వడ్డీరేట్లను చూడవలసింది రిజర్వు బ్యాంకే గాని కమిషన్ కాదన్నది సారాంశం. బ్యాంకులు వేసే వడ్డీ అధికమన్న కారణంతో న్యాయస్థానాలు ఆ లావాదేవీలను తిరగదోడకూడదని 1949 నాటి బ్యాంకింగ్ నియంత్రణ చట్టంలో 21-ఏ సెక్షను ఎలాగూ ఉంది. అంటే పల్లెలో వడ్డీవ్యాపారిని అడగడానికి చట్టాలున్నాయి, బ్యాంకును అదే ప్రశ్న కోర్టులో అడగడానికి దారి లేదు.

ఈ పదహారేళ్ళ వ్యవహారం మీద మనలో ఎంతమంది ఒక్క మాట రాశాం? నేను రాయలేదు. ఎందుకంటే నేను వడ్డీ కట్టేవాణ్ణి కాను! నా రెండో అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది.

లారెన్స్ ఆసుబెల్ అనే అమెరికన్ ఆర్థికశాస్త్రవేత్త 1991లో ఒక చిక్కుముడిని పరిశీలించాడు. 1980లలో అక్కడ బ్యాంకులకు డబ్బు చవకైంది. కార్డులిచ్చే బ్యాంకులు వేల సంఖ్యలో ఉన్నాయి. అయినా కార్డుల మీద వడ్డీ మాత్రం దిగలేదు. పోటీ ఉన్నచోట ధర ఎందుకు తగ్గలేదు? ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి మనల్ని చూసి చెప్పినట్టే ఉంటుంది. తాము అప్పు చేయబోమని గట్టిగా నమ్మేవాళ్ళు రేటును పట్టించుకోరు, తీరా వాళ్ళలో చాలామంది చేస్తారు. రేటు తగ్గించిన బ్యాంకు దగ్గరకు ముందుగా చేరేదేమో, అప్పు చేయాలని ముందే నిశ్చయించుకున్నవాళ్ళు. ఇక ఏ బ్యాంకు తగ్గిస్తుంది? "నాకు రేటుతో పనిలేదు" అని మనం అనుకునే ప్రతిసారీ, రేటు తగ్గకుండా ఉండడానికి మన వంతు సాయం చేస్తున్నామన్నమాట.

మూడో సంగతి కొంచెం ఇబ్బందికరమైనది. నాకు దొరికే ఆ నెలన్నర ఉచితం ఎవరి సొమ్ము? బ్యాంకు ధర్మసత్రం కాదు. నేను గీకిన ప్రతిసారీ దుకాణదారు తన రాబడిలోంచి కొంత వదులుకుంటాడు. అందుకే కదా "కార్డయితే రెండు శాతం అదనం సార్" అన్న మాట మనకు అలవాటైంది. మిగిలిన భాగం బాకీలు మిగల్చుకునేవాళ్ళు కట్టే వడ్డీ. లక్ష రూపాయల బాకీ ఉన్నవాడు నెలకు 5,000 కడుతున్నాడనుకోండి. అందులో వడ్డీకి 3,500, దాని మీద పన్నుకు 630 పోతే, అసలు తగ్గేది 870 మాత్రమే. ఆ మనిషి బద్ధకస్తుడో దుబారా మనిషో కానక్కరలేదు. ఉద్యోగం పోయినవాడు కావచ్చు, ఇంట్లో జబ్బుపడినవాళ్ళున్నవాడు కావచ్చు. నా బహుమతి పాయింట్లలో అతని 3,500లో ఒక ముక్క ఉంది.

కార్డు వాడడం పాపమని నేననడం లేదు. దేశంలో క్రెడిట్ కార్డును తొలిరోజుల్లో, 1981లోనే తెచ్చిన బ్యాంకుల్లో మన ఆంధ్రా బ్యాంకు ఒకటి. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. సామాన్యుడిని వడ్డీవ్యాపారి గుమ్మం తొక్కనవసరం లేకుండా చేయాలన్న ఆశ ఆ తరం బ్యాంకుల వెనుక ఉండేది. మామయ్య తరానికి ఆ గుమ్మం బాగా తెలుసు. జీతాల రోజున కార్ఖానా గేటు దగ్గర కర్ర పట్టుకుని నిలబడే అప్పులవాళ్ళ గురించి 1931 నాటి రాయల్ కార్మిక కమిషన్ నివేదికలోనే ఉంది. రైల్వే ఉద్యోగుల సహకార పరపతి సంఘాలు అందుకు విరుగుడుగా ఉపయోగపడ్డాయి. మామయ్య ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్ళకూ అప్పు సొసైటీలోనే తీసుకున్నారు. జీతంలో కోత పడేది, గేటు దగ్గర ఎవరూ నిలబడేవారు కారు. ఎన్ని రూపాయలని అడగడం ఆయనకు అక్కడ అబ్బిన విద్య.

ఎదుటి పక్షంలో ఉన్న నిజాన్నీ చెప్పాలి. రెండు కార్డుల్లో ఒకటి ఎంచుకోవలసి వస్తే, బిల్లు మొత్తం కట్టే అలవాటున్నవాడు మొదట చూడవలసింది వార్షిక రుసుము, విదేశీ ఖర్చు మీద అదనం, గడువు తేదీ జీతం తేదీకి ఎంత దూరం అన్నవే. ఎలాగూ అన్ని బ్యాంకుల రేట్లూ ఇంచుమించు ఒకేచోట ఉంటాయి గనుక, దాన్ని బట్టి ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఇది నిజం. అయితే అన్ని రేట్లూ ఒకేచోట, అంత ఎత్తున ఉండడం నాకు ఊరట కలిగించే సంగతి కాదు, అనుమానం కలిగించే సంగతి.

కాబట్టి నేను మూడు అలవాట్లు చేసుకున్నాను. బిల్లు మొత్తం, కనీస మొత్తం కాదు, ఖాతాలోంచి దానంతట అదే చెల్లిపోయే ఏర్పాటు ఒకటి. కార్డుతో నగదు తీయకపోవడం రెండోది, దానికి మొదటిరోజు నుంచే వడ్డీ కనుక. మూడోది ముఖ్యమైనది. ఏదో ఒక నెల మొత్తం కట్టలేని స్థితి వస్తే ఎక్కడ తక్కువ వడ్డీకి అప్పు పుడుతుందో, బంగారం మీదనో, భవిష్యనిధిలోనో, సొసైటీలోనో, ముందే తెలుసుకుని ఉండడం. కార్డు రేటు తెలియనివాడికి ఆ ఆలోచనే రాదు. మూడున్నర రూపాయలని తెలిసినవాడు రూపాయి వడ్డీ అప్పు తెచ్చి కార్డు బాకీ తీర్చేస్తాడు.

ఆ 1,600 సంగతి మామయ్యకు చాలాకాలం చెప్పలేదు. చెప్పినప్పుడు ఆయన ఎగతాళి చేయలేదు. "అప్పు ఇచ్చేవాడు నువ్వు తీర్చే నెల కోసం రేటు పెట్టుకోడురా, తీర్చలేని నెల కోసం పెట్టుకుంటాడు. నువ్వూ ఆ నెల కోసమే అడగాలి" అన్నారు.

మిత్రులను ఒక్కటే అడుగుతాను. ఇప్పుడు మీ జేబులో ఉన్న కార్డు ఎన్ని రూపాయల వడ్డీదో, బిల్లు చూడకుండా చెప్పగలరా?