కుంచె గొప్పయా, చిత్రము గొప్పయా?

పూర్వుల గీతను తప్పక గీయుటయే సంప్రదాయరక్షణ మని వాదించువారు చీనాదేశమునను గలరు. వూ గ్వాన్‌జోంగ్ అను చిత్రకారుడు 1947 మొదలు 1950 వఱకు పారిస్ నగరమున చిత్రకళ నభ్యసించి స్వదేశమునకు మఱలెను. 1980లో అమూర్తసౌందర్యమును సమర్థించుచు వ్యాసము వ్రాసెను. 1983లో రచించిన 'సింహవనము'న సూచౌ నగరపు పురాతనపుదోటలోని శిలలను సిరారేఖల చిక్కుముడులుగా మార్చెను.

పిమ్మట, చిత్రమునుండి వేఱుచేసినచో కుంచెకును సిరాకును విలువ సున్నయే యని యాతడు ప్రకటింపగా, జాంగ్ డింగ్ మున్నగు పెద్దలు కుంచెయు సిరాయునే చీనాచిత్రమునకు దాటరాని హద్దని యాక్షేపించిరి. ఏండ్ల సాధన లేనిదే యట్టి గీత చేతికి రాదనుట నిజమే. కాని ప్రాణములేని దేహమునకు నగలు శోభ నీయవని మన యాలంకారికులు చెప్పలేదా? పూర్వులు కొండను జూచి గీతను కనిపెట్టిరి. వీరు గీతను జూచి గీతను గీయుచున్నారు. ఇందు రక్షింపబడిన దేమి?

అంతకు పూర్వమే, 1960 తరువాతి దశాబ్దమున, తైవానులో ల్యూ గ్వోసుంగ్ మోటునారల కాగితముపై సిరా పూసి, నారలను పెఱికివేసెను. పెఱికినచోట తెల్లని గీతలు మిగిలి మంచుకొండలవలె తోచును. ఆ గీతలను కుంచె గీయలేదు. పాశ్చాత్యుల నూతనకళ యాతనికి ధైర్యము నిచ్చెను. కాగితము, సిరా, కొండలు చీనావే. ఇట్టివానిని పరదేశానుకరణ మని నిందించువారు మొదట చిత్రమును కన్నులార చూడవలెను.