గొంతు ముసలిదా? వేదిక చెడ్డదా?

పిల్లలూ!

ఆళ్లగడ్డ మా సొంతవూరు. నంద్యాలలో సైన్సు పాఠాలు చెబుతున్నా, తిరునాళ్లు వచ్చిందంటే అటువైపు పోకుండా ఉండలేను. అలా ఒక పల్లె తిరునాళ్లలో ‘సత్యహరిశ్చంద్ర’ నాటకం చూశాను. హరిశ్చంద్ర వేషం కట్టినాయనకు డెబ్బై దాటాయి. నేను మీ అంత ఉన్నప్పుడు ఆయన కాటిసీనులో పద్యం అందుకుంటే జనం ‘వన్స్ మోర్’ అని మళ్లీ మళ్లీ పాడించుకునేవారు.

ఆ రాత్రి రెండో పద్యంలోనే ఆయన గొంతు చీలిపోయింది. ముందు వరుసలో కుర్రాళ్లు పకపక నవ్వారు. “ముసలాయన పనైపోయింది, ఇంకా ఎందుకు ఈ వేషాలు?” అన్నారెవరో. నిజం చెప్పాలంటే నేనూ అలాగే అనుకున్నాను. నాటకం అయిపోయాక, రంగు తుడుచుకుంటూ ఆయన నాతో అన్నాడు: “అయివారూ, నా గొంతు పోల్యా. నా గొంతు నాకే ఇనపడల్యా.”

ఆ మాట నన్ను ఇంటిదాకా వెంటాడింది. పిల్లలకు ధ్వని పాఠం చెప్పే నేను ఆ సంగతి గమనించలేదే అని సిగ్గుపడ్డాను.

అక్కడి ఏర్పాటు ఎలా ఉందో వినండి. కొయ్యలకు కట్టిన హారన్ స్పీకర్లన్నీ జనం వైపు తిరిగి ఉన్నాయి. నటుడి వైపు ఒక్కటీ లేదు. పక్కనే రంగులరాట్నం, దాని పాటల మోత. ఇలాంటి గోలలో మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. ఫ్రాన్సు దేశపు డాక్టరు ఎటియెన్ లొంబార్ 1911లోనే ఈ సంగతి చెప్పాడు. బస్సులో మాట్లాడేటప్పుడు మీరూ అరుస్తారు, బస్సు ఆగగానే మీ అరుపు మీకే వింతగా వినిపిస్తుంది. వయసు మళ్లినకొద్దీ స్వరతంతువుల సాగేగుణం తగ్గుతుంది, వాటి కండరాలు పలచబడతాయి. పాతికేళ్లవాడు ఓర్చుకునే అరుపును డెబ్బై ఏళ్ల గొంతు ఓర్చుకోలేదు. కాబట్టి ఆ రాత్రి తప్పు సగం వయసుదైతే సగం వేదికది.

ఇప్పుడు కాసేపు దూరదేశం పోయివద్దాం. గిటార్లు, డ్రమ్ములతో పాడే రాక్ సంగీత బృందాలు పడమటి దేశాల్లో చాలా ఉన్నాయి. 1976లో డబ్లిన్ నగరంలో పుట్టిన ‘యు2’, 1971లో అమెరికాలో పుట్టిన ‘ఈగల్స్’ అలాంటివి. ఒకప్పుడు కుర్రాళ్లయిన ఆ గాయకులు ఇప్పుడు పెద్దవాళ్లు. లాస్ వెగాస్ నగరంలో ‘స్ఫియర్’ అనే గోళాకారపు భవనం ఉంది. దాని ఎత్తు 112 మీటర్లు, వెడల్పు 157 మీటర్లు. యు2 బృందం 2023 సెప్టెంబరు 29న దాన్ని ప్రారంభించి, 2024 మార్చి 2 వరకు 40 కచేరీలు చేసింది. అదే ఏడు సెప్టెంబరులో ఈగల్స్ వచ్చింది. ఊరూరా తిరగకుండా ఇలా ఒకేచోట ఉండి పాడటాన్ని అక్కడ ‘రెసిడెన్సీ’ అంటారు.

ఇది మనకు కొత్తా? 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’ ఆడిన వనారస వారి కుటుంబాల నుంచి సురభి నాటక సమాజాలు పుట్టాయి. వాళ్లు ఒక ఊళ్లో మకాం వేస్తే వారాలు, నెలలు అక్కడే రోజుకో నాటకం. తీగల మీద నారదుడు దిగడం, బాణాలు గాలిలో ఢీకొనడం ఆనాటి ‘హైటెక్’! భారీ సామాను ఒకచోట నిలబెట్టి, జనాన్నే దాని దగ్గరికి రప్పించే ఉపాయం మనవాళ్లకు ఎప్పుడో తెలుసు.

స్ఫియర్ అనగానే అందరూ దాని తెర గురించే చెబుతారు. లోపలి తెర 1,60,000 చదరపు అడుగులు. మన లెక్కలో మూడున్నర ఎకరాల పైమాటే. నాకు మాత్రం దాని వెనక దాగిన స్పీకర్లే గొప్పగా తోస్తాయి. అందులో దాదాపు 1,67,000 చిన్న చిన్న స్పీకరు డ్రైవర్లున్నాయి. అన్ని ఎందుకు? పెద్దగా మోగించడానికి కాదు, ధ్వనిని కావలసిన వైపుకు తిప్పడానికి.

అదెలాగో మీ కవాతులో చూడండి. వరుస మూల తిరిగేటప్పుడు లోపలివాడు చిన్న అడుగులు, బయటివాడు పెద్ద అడుగులు వేస్తాడు. వరుస చెదరకుండా దిశ మారుతుంది. అలాగే పక్కపక్కనే ఉన్న స్పీకర్లలో ఒకదానికంటే ఒకటి సెకనులో అతి చిన్న భాగం ఆలస్యంగా మోగితే, వాటి తరంగాలు కలిసి ఏటవాలుగా సాగుతాయి. ఈ ఆలస్యాలను కంప్యూటరు లెక్కగట్టి, ధ్వనిని గోడల మీదికి పోనీయకుండా కుర్చీల మీదికి పంపుతుంది. అందువల్ల వెనక వరుసకు వినిపించాలని ముందు వరుస చెవులు చిల్లులు పడేలా మోగించనక్కరలేదు.

మన తిరునాళ్లలో ఏం జరుగుతుంది? ధ్వని సెకనుకు దాదాపు 350 మీటర్లు పోతుంది. మీ పక్కనున్న హారన్ కంటే 35 మీటర్లు ఎక్కువ దూరంలో ఇంకో హారన్ ఉంటే, అదే అక్షరం సెకనులో పదోవంతు ఆలస్యంగా మళ్లీ మీ చెవిన పడుతుంది. పద్యంలో ఒక అక్షరం మీద ఇంకో అక్షరం ఎక్కి కూర్చుంటుంది. అర్థంకాక జనం కేకలేస్తారు, సౌండు ఆపరేటరు ఇంకా పెంచుతాడు, నటుడు ఇంకా అరుస్తాడు.

మోత వల్ల నష్టపోయేది వినేవాళ్లే కాదు. ‘ఏసీ డీసీ’ అనే పేరున్న రాక్ బృందంలో గాయకుడు బ్రయాన్ జాన్సన్ 2016లో కచేరీలు ఆపవలసి వచ్చింది. ఇలాగే సాగితే పూర్తిగా చెవుడు రావచ్చని డాక్టర్లు హెచ్చరించారు. 85 డెసిబెల్స్ మోతను రోజుకు 8 గంటలు, 100 డెసిబెల్స్‌ను పావుగంట మించి వినడం చెవులకు ప్రమాదమని నిపుణుల లెక్క.

“సార్, ముసలివాళ్లు తప్పుకుని కుర్రాళ్లకు చోటివ్వచ్చు కదా?” అని మీలో కొందరు అడగవచ్చు. ఇవ్వాలి. కానీ కుర్రాళ్లు నేర్చుకునేది ఎవరి దగ్గర? పద్యాన్ని ఎక్కడ విరవాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ఎదురుగా కూర్చుని వింటేనే పట్టుబడుతుంది.

ఇంకో దారి కూడా ఉంది. స్వీడన్ దేశపు ‘అబ్బా’ బృందం 2022లో లండనులో మొదలుపెట్టిన ప్రదర్శనలో ఆ నలుగురు గాయకులూ వేదికెక్కరు. వాళ్లు పడుచుగా ఉన్నట్టు కంప్యూటరు తయారుచేసిన బొమ్మలు పాడతాయి. సాంకేతికంగా అది అద్భుతమే. అయినా బొమ్మకు ఆ రోజు జనం ఎలా ఉన్నారో తెలియదు. కాటిసీనులో ఒక తల్లి కంటతడి పెడితే ఆ పద్యాన్ని ఇంకాస్త సాగదీయడం బతికున్న నటుడికే చేతనవుతుంది.

స్ఫియర్ కట్టడానికి 230 కోట్ల డాలర్లయ్యాయి. మనకు అంత అక్కరలేదు. ఆ పెద్దాయనను మా బడి వార్షికోత్సవానికి పిలిచాం. ఒక చిన్న స్పీకరును ఆయన వైపు తిప్పిపెట్టాం. మైకు ముందు నుంచి బాగా వింటుంది, వెనక నుంచి తక్కువ వింటుంది. అందుకని ఆ స్పీకరును మైకు వెనకవైపు ఉంచాం, కీచుమనలేదు. వెనక గోడకు జంఖానాలు, దుప్పట్లు వేలాడదీస్తే ప్రతిధ్వని తగ్గింది. హారన్లు తీసేశాం. హార్మోనియం ఆయన శ్రుతి కాస్త తగ్గించాడు. వయసు వయసే, పాత పైస్థాయి ఆయనకు అందలేదు. అయినా గొంతు చీలలేదు. వెనక బెంచీవాళ్లు కూడా ప్రతి అక్షరం విన్నారు, ఎవరూ నవ్వలేదు.

నా అభిప్రాయం ఇదే. కొత్త యంత్రం వచ్చింది మోత పెంచడానికి కాదు, పెద్దవాళ్లు నెమ్మదిగా పాడినా అందరికీ వినిపించడానికి. మన జిల్లాకు ముఖ్యపట్టణమైన నంద్యాలలో ఇలాంటి మంచి ధ్వని ఉన్న నాటకశాల ఒకటి ఉండి, పల్లెల్లోని పెద్ద నటులు అక్కడ నెలకు నాలుగు రోజులైనా ఆడితే ఎంత బాగుంటుంది!

ఈసారి మీ ఊరి తిరునాళ్లలో ఒక పని చేయండి. స్పీకర్ల మధ్య దూరం అడుగులతో కొలవండి. ఆలస్యం ఎంతో లెక్కకట్టండి. నటుడి వైపు తిరిగిన స్పీకరు ఉందో లేదో చూడండి. లేకపోతే ఒకటి అటు తిప్పమని నిర్వాహకులకు చెప్పండి. ఎవరి గొంతైనా చీలితే, నవ్వే ముందు ఆ లెక్క ఒకసారి గుర్తుచేసుకోండి.