సాబ్లే మోకాలికి గడువు పెట్టేదెవరు?

2025 జులై 11. మొనాకోలో డైమండ్ లీగ్ పోటీలు. పురుషుల 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌లో భారత రన్నర్ అవినాశ్ సాబ్లే నీటి గుంట దగ్గర పడిపోయాడు. రేసు పూర్తి చేయలేకపోయాడు. తర్వాత పరీక్షలు చేస్తే మోకాలిలో ఏసీఎల్ లిగమెంట్, మెనిస్కస్ రెండూ దెబ్బతిన్నాయని తేలింది. ముంబైలో ఆపరేషన్ జరిగింది. సెప్టెంబరులో టోక్యోలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు దూరమయ్యాడు.

అప్పటి నుంచి అందరూ అడిగేది ఒకటే. ఆసియా క్రీడలకు వస్తాడా, రాడా?

జపాన్‌లోని ఐచి-నగోయాలో ఈ క్రీడలు 2026 సెప్టెంబరు 19న మొదలవుతాయి. దెబ్బ తగిలిన రోజు నుంచి లెక్కేస్తే 14 నెలల పైచిలుకు. కాగితం మీద చూస్తే సరిపోయే సమయమే. కానీ మోకాలు క్యాలెండర్ చూసి నయం కాదు.

ఇంత ఆశ ఎందుకంటే

సాబ్లేది మహారాష్ట్రలోని బీడ్ జిల్లా. కరువు ప్రాంతం, పేద రైతు కుటుంబం. చిన్నప్పుడు బడికి ఆరు కిలోమీటర్లు వెళ్లొచ్చేవాడు. తర్వాత సైన్యంలో చేరి సియాచిన్‌లో డ్యూటీ చేశాడు. పరుగు పోటీల్లోకి వచ్చింది ఆ తర్వాతే.

స్టీపుల్‌చేజ్‌లో గోపాల్ సైనీ 1981లో నెలకొల్పిన జాతీయ రికార్డు 37 ఏళ్లు చెక్కు చెదరలేదు. 2018లో భువనేశ్వర్‌లో సాబ్లే దాన్ని బద్దలు కొట్టాడు. ఆ తర్వాత తన రికార్డును తానే మళ్లీ మళ్లీ తిరగరాశాడు. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో కెన్యా వాళ్ల కోటలాంటి ఈ ఈవెంట్‌లో 8 నిమిషాల 11.20 సెకన్లతో రజతం తెచ్చాడు. స్వర్ణానికి, అతనికి మధ్య తేడా సెకనులో ఇరవయ్యో వంతు మాత్రమే. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచాడు. ఈ ఈవెంట్‌లో ఆసియా క్రీడల స్వర్ణం సాధించిన తొలి భారతీయ పురుషుడు అతనే. 2024 జులైలో పారిస్ డైమండ్ లీగ్‌లో 8 నిమిషాల 9.91 సెకన్లలో పరిగెత్తాడు. మరుసటి నెల ఒలింపిక్ ఫైనల్లో 11వ స్థానంలో నిలిచాడు.

అంటే నగోయాలో అతను కాపాడుకోవాల్సింది స్వర్ణం. అక్కడికి వెళ్లే నాటికి వయసు 32. ఆశ పెరగడం సహజమే, తొందర పెరగడమే ప్రమాదం.

మోకాలికి ఇదే కఠిన పరీక్ష

మారథాన్ రన్నర్‌కు ఏసీఎల్ తెగడం వేరు, స్టీపుల్‌చేజర్‌కు తెగడం వేరు. 3000 మీటర్లలో 28 హర్డిల్స్, 7 నీటి గుంటలు, మొత్తం 35 సార్లు ఎగరాలి. అడ్డుకర్ర ఎత్తు 91.4 సెంటీమీటర్లు. మామూలు హర్డిల్‌లా తగిలితే పడిపోదు. మనిషే పడతాడు. నీటి గుంట పొడవు 3.66 మీటర్లు. దాన్ని దాటి ఒంటి కాలి మీద దిగి, తడి బూటుతో వెంటనే పరుగు అందుకోవాలి. దిగేటప్పుడు మోకాలి కింది ఎముక ముందుకు జారకుండా, మోకాలు మెలిపడకుండా పట్టి ఉంచే వాటిలో ముఖ్యమైనది ఏసీఎల్లే.

తెగిన లిగమెంట్ స్థానంలో డాక్టర్లు సాధారణంగా రోగి కాలి నుంచే తీసిన స్నాయువును అమరుస్తారు. అది మొదటి కొన్ని నెలల్లో ఇంకా బలహీనపడుతుంది. ఆ తర్వాతే మెల్లగా లిగమెంట్‌లా మారుతుంది. అందుకే నొప్పి తగ్గింది కదా అని దిగితే మళ్లీ తెగే ముప్పు ఉంటుంది. కనీసం తొమ్మిది నెలలు ఆగమని చెప్పేది ఇందుకే. ఈలోగా ఈత, సైకిల్‌తో ఊపిరితిత్తుల శక్తిని కాపాడుకోవచ్చు. కానీ నీటి గుంట మీదుగా దూకి ఆ కాలి మీద దిగే ధైర్యం సైకిల్ మీద రాదు. మళ్లీ దూకితేనే వస్తుంది.

తిరిగి వచ్చిన వాళ్లు లేకపోలేదు. ఇథియోపియా రన్నర్ లమేచా గిర్మా ప్రపంచ రికార్డు వీరుడు. పారిస్ ఒలింపిక్ ఫైనల్ చివరి ల్యాప్‌లో హర్డిల్‌కు తగిలి పడి, స్ట్రెచర్ మీద బయటికి వెళ్లాడు. మరుసటి ఏడాది టోక్యో ప్రపంచ ఫైనల్లో మళ్లీ పరిగెత్తాడు. మన హైదరాబాద్ పుల్లెల గోపీచంద్ సంగతి తెలిసిందే. 1994లో మోకాలు దెబ్బతింది, ఆల్ ఇంగ్లండ్ టైటిల్ 2001లో వచ్చింది. ఆ ఏడేళ్లలో ఎన్ని ఆపరేషన్లు, ఎంత ఓర్పు ఉన్నాయో కప్పు పట్టుకున్న ఫొటోలో కనపడదు.

పట్టుదల ఒక్కటే చాలదు

ఇలాంటి కథలను మనం పట్టుదల కథలుగానే చెప్పుకుంటాం. అది సగమే నిజం. సాబ్లే వెనక సైన్యం ఉద్యోగం ఉంది. పరిగెత్తకపోయినా నెల జీతం వస్తుంది. ఆ స్థాయి అథ్లెట్‌కు మంచి సర్జన్, ఫిజియో, ప్రభుత్వ సాయం అందుతాయి. అదే సీజన్‌లో మోకాలి ఆపరేషన్ చేయించుకున్న విశాఖ హర్డిల్స్ రన్నర్ జ్యోతి యర్రాజీ కూడా అప్పటికే ఆసియా ఛాంపియన్.

మరి పేరు రాని వాళ్ల సంగతేంటి? కానిస్టేబుల్ ఉద్యోగం కోసం తెల్లవారుజామున రోడ్డు మీద 1600 మీటర్ల పరుగు ప్రాక్టీస్ చేసే కుర్రాడికి ఇదే లిగమెంట్ తెగితే? ఆపరేషన్ ఖర్చు ఒక ఎత్తు, ఆ తర్వాత నెలల తరబడి ఫిజియోథెరపీ ఇంకో ఎత్తు. ఇంట్లో సంపాదన కావాలి కాబట్టి సగంలో ఆపేసి పనికి పోతాడు. అతని దగ్గర పట్టుదల లేక కాదు, ఆగడానికి కావాల్సిన స్తోమత లేక.

సాబ్లే విషయంలో సమాఖ్య, అభిమానులు చేయగలిగిన మేలు ఒకటుంది. తేదీని మోకాలి మీద రుద్దకుండా, సిద్ధమైనప్పుడే దిగమని చెప్పడం. నగోయాలో పతకం వస్తే సంతోషమే. రాకపోయినా, అసలు వెళ్లకపోయినా, అది ఓటమి కాదు. అతనికి దొరికిన ఆ వ్యవధి జిల్లా స్థాయి కుర్రాళ్లకూ దొరికే ఏర్పాటు చేయడం ప్రభుత్వాల బాధ్యత. అది జరగనంత వరకు తిరిగి రావడం కొందరికే దక్కుతుంది. మిగతా వాళ్లు ఆటకు దూరమైన సంగతి ఎవరికీ తెలియను కూడా తెలియదు.