ఒక రాత్రి రసీదు, తొమ్మిదేళ్ళ కిరాయి

మొన్న ఒకే వారంలో ఇద్దరు నన్ను అడ్రసు గురించి అడిగారు. ఒకడు డాలస్‌లో ఉన్న నా ఇంజనీరింగ్ స్నేహితుడు. ఇంకొకాయన పాతబస్తీలో, లాల్ దర్వాజాలో మా పాతింటి కింది పోర్షన్‌లో కిరాయికి ఉంటున్న మనిషి. మొదటివాడికి గంటన్నర ఫోన్లో సలహా ఇచ్చాను. రెండో ఆయనకి "చూద్దాంలే" అన్నాను. ఆ "చూద్దాంలే" గురించే ఈ గోలంతా.

ముందు మావాడి సంగతి. గ్రీన్ కార్డు వచ్చాక ఇల్లు అమ్మేసి ఆర్వీ కొన్నాడు. అదేనండీ, మంచాలూ, వంటగదీ, బాత్‌రూమూ అన్నీ ఉండే చక్రాల ఇల్లు. ఇక ఏడాది పొడుగునా అందులోనే తిరుగుతూ ఉంటాడట. బాగానే ఉంది కానీ లైసెన్సుకీ, బండి రిజిస్ట్రేషనుకీ, ఇన్సూరెన్సుకీ ఏదో ఒక రాష్ట్రం "మావాడే" అనాలి కదా. "ఏ స్టేట్‌ని సొంత స్టేట్ అని పెట్టుకోవాలిరా?" అని వాడి ప్రశ్న.

ఆర్వీల్లో బతికేవాళ్ళు ఎక్కువగా టెక్సస్, ఫ్లోరిడా, సౌత్ డకోటా ఎంచుకుంటారు. మూడింట్లోనూ జీతం మీద రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. సౌత్ డకోటా మరీ ఉదారం. హోటల్లోనో క్యాంప్‌గ్రౌండ్‌లోనో ఒక్క రాత్రి ఉన్నట్టు రసీదు, ఉత్తరాలు తీసుకుని పంపే సంస్థ దగ్గర ఒక అడ్రసు, "ఎక్కడ తిరిగినా మళ్ళీ ఇక్కడికే రావాలని నా ఉద్దేశం" అని ఒక అఫిడవిట్... ఇవి ఉంటే చాలు, లైసెన్సు ఇస్తారు. వలస వచ్చినవాడికి మాత్రం ఇంకొన్ని మెలికలున్నాయి. మకాం మారిన పది రోజుల్లో ఇమిగ్రేషన్ వాళ్ళకి చెప్పాలి. సిటిజెన్‌షిప్‌కి అప్లై చేసేముందు మూడు నెలలు ఆ పరిధిలో నివసించి ఉండాలి. హెచ్-1బి వాళ్ళకైతే ఈ ముచ్చటే లేదు. వాళ్ళ పిటిషన్ పనిచేసే చోటికి ముడిపడి ఉంటుంది, వేరే మెట్రో ప్రాంతానికి మారితే పిటిషన్ సవరించాలని 2015లో సిమియో కేసులో తేల్చేశారు. ఇవన్నీ వాడికి పూసగుచ్చినట్టు చెప్పాను. ఒక మనిషి తన సొంత రాష్ట్రాన్ని తనే ఎంచుకోగలగడం ఎంత గొప్ప విషయమో అని ఇద్దరం తెగ మురిసిపోయాం కూడా.

ఇక రెండో ఆయన. బీహార్‌లో దర్భంగా దగ్గర ఊరు. లాడ్ బజార్‌కి లక్క గాజులు చేసిచ్చే కార్ఖానాలో పని. మా ఇంట్లో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాడు. పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు, నాకన్నా బాగా తెలుగు మాట్లాడతారు. బోనాలప్పుడు మా వాకిట్లో నీళ్ళు చల్లేది వాళ్ళావిడే. కిరాయి ఒక్క నెల కూడా ఆపలేదు. ఆధార్‌లో ఇంకా దర్భంగా అడ్రసే ఉంది. "అన్నా, ఒక్క కాయితం రాసియ్యి. ఆధార్ల పత మార్చుకుంట, ఓటు ఈడికి తెచ్చుకుంట" అన్నాడు.

ఎందుకివ్వలేదు? మా నాయన మాట ఒకటి బుర్రలో పాతుకుపోయింది. "కిరాయిదారుకు కాయితం రాసిస్తే ఇల్లు పోతది." పన్నెండేళ్ళుంటే ఇల్లు వాళ్ళదే అయిపోతుందని మన బస్తీల్లో అందరూ అనేదే. మాధాపూర్లో ఏసీలో కూర్చుని కోడ్ రాసే నేను కూడా ఇన్నాళ్ళూ ఒక్కసారి సరిచూసుకోలేదు. చూస్తే ఏముంది... వ్యవహారం సరిగ్గా ఉల్టా! పన్నెండేళ్ళ హక్కు యజమానిని కాదని, అతనికి ఎదురుగా ఆక్రమించుకున్నవాడికి. కిరాయికి ఉన్నవాడు నా అనుమతితో ఉన్నాడు. ఆ అనుమతికి సాక్ష్యం కిరాయి ఒప్పందమే. కిరాయిదారుగా ఉన్నంతకాలం యజమాని హక్కుని కాదనే వీలు కూడా చట్టం అతనికి ఇవ్వదు. అంటే కాగితం రాస్తే నాకే రక్షణ. రాయకపోతే ఇద్దరికీ లేదు. అయినా రాయం. ఎందుకంటే రాయకపోతే రేపు పొమ్మంటే పోతాడు. అసలు కారణం అదీ, ఒప్పుకుందాం.

మన సంగతి చూడండి. హెచ్ఆర్ఏ కోసం మన ఓనరు దగ్గర రసీదులకీ, ఏడాది కిరాయి లక్ష దాటితే పాన్ నంబరుకీ ఎంత పోట్లాడతాం? ఇవ్వకపోతే ఎంత తిడతాం? అదే మనం ఓనర్లమైతే నోరు మెదపం.

"అందరికీ అడ్రసులిచ్చుకుంటూ పోతే లోకల్ వాళ్ళ గతేంటి?" అంటారు. ఆ ప్రశ్నకి ఈ ఊళ్ళో చాలా చరిత్ర ఉంది, కొట్టిపారెయ్యను. 1919 నాటి నిజాం ఫర్మానాలో ముల్కీ ఎవరో రాశారు. బయటనుంచి వచ్చినవాడూ ముల్కీ కావచ్చు. 15 ఏళ్ళు ఇక్కడ ఉండాలి, వెనక్కి పోయే ఉద్దేశం వదులుకున్నానని మెజిస్ట్రేట్ ధృవీకరించిన అఫిడవిట్ ఇవ్వాలి. సౌత్ డకోటా అఫిడవిట్‌కి ఇది తాత లాంటిది. కాకపోతే వాళ్ళు ఒక రాత్రి అడిగారు, నిజాం 15 ఏళ్ళు అడిగాడు. మరి 1952లో మూసీ ఒడ్డున సిటీ కాలేజీ దగ్గర తూటాలకి పిల్లలు ఎందుకు చచ్చిపోయారు? ఇక్కడ బతకకుండానే బోగస్ ముల్కీ సర్టిఫికెట్లు తెచ్చుకుని ఉద్యోగాలు కొట్టేస్తున్నారని కడుపుమండి రోడ్డెక్కినందుకు. వాళ్ళ కోపం బతుకు లేని కాగితం మీద. బతుకు ఉన్నవాడికి కాగితం ఇవ్వొద్దని దానికి అర్థం కాదు.

చట్టం కూడా అదే చెబుతోంది. 1950 నాటి ప్రజా ప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ ప్రకారం, ఒకచోట ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ మామూలుగా నివసిస్తున్నట్టు కాదు. అంటే లాల్ దర్వాజా ఓటరు కావాల్సింది ఇంటి ఓనర్నైన నేను కాదు, కిరాయికున్న ఆయన. నా ఓటు ఇంకా అక్కడే ఉంది, సిగ్గుపడుతూనే చెబుతున్నా. ఇంకో తమాషా. 2010లో చేసిన సవరణ వల్ల డాలస్‌లో ఉన్న మావాడు, ఇంకా భారత పౌరుడే కాబట్టి, పాస్‌పోర్టులో ఉన్న కూకట్‌పల్లి అడ్రసు మీద ఇక్కడ ఓటరు కావచ్చు. తిరిగే ఇంట్లో ఉన్నవాడికి రెండు దేశాల్లో రెండు అడ్రసులు! కదలకుండా తొమ్మిదేళ్ళు ఒకే గదిలో ఉన్నవాడికి ఒక్కటీ లేదు.

సౌత్ డకోటా పద్ధతి ఇక్కడికి తెమ్మని నేననను. ఒక రాత్రికి ఊరివాడైపోవడం నాకూ ఎబ్బెట్టుగానే ఉంది. బతికినదాన్ని లెక్కపెట్టమంటున్నానంతే. కిరాయి, కరెంటు బిల్లు, పిల్లల బడి, పక్కింటివాళ్ళ మాట... ఇన్ని ఉన్నా, అన్నిటికీ తాళంచెవి నాలాంటివాడి సంతకం కావడమే అన్యాయం. ఆ చెవిని చట్టం మన చేతిలోంచి తీసుకునేదాకా, కనీసం మనం తాళం వెయ్యకుండా ఉండొచ్చు కదా? గచ్చిబౌలిలో, నిజాంపేటలో, అమీర్‌పేటలో రెండో ఇల్లు కిరాయికిచ్చిన మిత్రులారా, మిమ్మల్నే అడుగుతున్నా. మీ కిరాయిదారు దగ్గర కాగితం ఉందా?

పదకొండు నెలల ఒప్పందమైనా మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ చేయించాల్సిందే. వంద రూపాయల స్టాంపు పేపరు నిన్ననే కొన్నాను. ఆదివారం లాల్ దర్వాజా వెళ్తున్నాను. తొమ్మిదేళ్ళు ఆలస్యంగా.