మార్కు వేసే ముందు ఒక ప్రశ్న

మన హైస్కూళ్లలో పాఠం మీద రాసిన వ్యాసరూప సమాధానం ఒక్కసారే టీచరు చేతికి వెళ్తుంది. ఎర్ర సిరాతో ఒత్తులూ దీర్ఘాలూ దిద్దించుకుని, కింద మార్కు వేయించుకుని తిరిగొస్తుంది. పిల్లలు మార్కు చూసుకుని నోట్సు మూసేస్తారు. ఆలోచన ఎక్కడ ఆగిపోయిందో ఎవరూ చెప్పరు, చెప్పినా మళ్లీ రాసే వీలుండదు. అమెరికా బడుల నుంచి తెలుగు బోధన ఒక్క అలవాటు తెచ్చుకోగలిగితే నేను దీన్నే కోరతాను: మార్కు పడకముందే పిల్లల చేత రెండో ప్రతి రాయించడం.

అక్కడ కూడా ఇది మొదటి నుంచీ ఉన్నది కాదు. పన్నెండో తరగతి పిల్లలు అసలు ఎలా రాస్తారో ఎనిమిది మందిని దగ్గరగా గమనించి 1971లో జానెట్ ఎమిగ్ ఒక అధ్యయనం వెలువరించారు. మరుసటి ఏడాది డొనాల్డ్ మర్రే గొంతు కలిపారు. ఆయన సంపాదకీయాలకు 1954లో పులిట్జర్ బహుమతి అందుకున్న పత్రికా రచయిత, ఆ తర్వాత న్యూహాంప్‌షైర్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడు. పూర్తయిన వ్యాసంలో తప్పులు వెతకడం మాని, రాసే క్రమాన్ని నేర్పమన్నది ఆయన వాదన. 1974లో బర్క్‌లీలో జేమ్స్ గ్రే బే ఏరియా రైటింగ్ ప్రాజెక్టు ప్రారంభించి, వేసవిలో టీచర్లనే కూర్చోబెట్టి రాయించారు. అదే దేశమంతా విస్తరించి నేషనల్ రైటింగ్ ప్రాజెక్టు అయింది. తాను రాసింది తానే కొట్టేసి మళ్లీ రాసిన టీచరు, పిల్లల చిత్తుప్రతిని వేరే కంటితో చూస్తారు.

ఈ విషయంలో అందరికంటే పనికొచ్చే పరిశీలన నాన్సీ సామర్స్‌ది. ఆమె 1980లో ఇరవై మంది కాలేజీ మొదటి ఏడాది విద్యార్థులనూ, ఇరవై మంది అనుభవజ్ఞులైన రచయితలనూ పోల్చారు. ఒక్కొక్కరూ మూడు వ్యాసాలు రాశారు, ప్రతి వ్యాసాన్నీ రెండేసి సార్లు తిరగరాశారు. విద్యార్థులు ఎక్కువగా మాటలు మార్చారు, ఒకే మాట రెండుసార్లు వస్తే ఒకటి తీసేశారు. చెప్పాల్సింది అప్పటికే చెప్పేశామన్నది వాళ్ల నమ్మకం. అనుభవం ఉన్నవాళ్లు మాత్రం తమ వాదం ఏ రూపం తీసుకుంటోందని వెతికారు, చదివేవాళ్లు ఎక్కడ ఒప్పుకోరో ఊహించుకున్నారు. 1982లో ఆమె టీచర్ల వ్యాఖ్యలనూ పరిశీలించారు. ఒకే పేరా పక్కన కామా సరిచేయమనీ, ఆలోచన పెంచమనీ రెండూ రాస్తే పిల్లలు తికమకపడతారు. కామా దిద్దమన్నారంటే పేరా ఉంటుందనే కదా అర్థం!

అందుకే శ్రద్ధ ఉన్న అమెరికన్ టీచర్లు రెండు పనులనూ విడగొడతారు. ముందు ఆలోచన సవరణ, చివర భాష దిద్దుబాటు. చిత్తుప్రతిని పక్కనున్న స్నేహితుడు చదివి, అర్థం కానిచోట ప్రశ్న వేస్తాడు. టీచరు ఒక్కొక్కరితో కాసేపు మాట్లాడతారు. పిల్లలు కొత్త ప్రతి రాస్తారు. స్పెల్లింగులూ విరామచిహ్నాలూ ఆఖరున. 2010లో అక్కడి బడుల కోసం వచ్చిన కామన్ కోర్ ప్రమాణాలు కూడా ప్రణాళిక వేసుకోవడం, సవరించడం, దిద్దడం, తిరగరాయడం పిల్లలకు రావాలని విడివిడిగా పేర్కొన్నాయి.

ఇది మన పాఠంతో ఎలా ఉంటుందో చూద్దాం. గురజాడ 1910లో రాసిన ‘దిద్దుబాటు’ కథ మీద మొదటి ప్రతి మామూలుగా ఇలా వస్తుంది: “గోపాలరావు రాత్రిళ్లు సానిపాటకు వెళ్లి ఆలస్యంగా వచ్చేవాడు. కమలిని ఉత్తరం రాసిపెట్టి, దాక్కుని, అతనికి బుద్ధి చెప్పింది. కాబట్టి ఆమె తెలివైనది.” తప్పేమీ లేదు, కానీ ఇది కథ చెప్పడమే. టీచరు పక్కన ఒక్క ప్రశ్న రాస్తే చాలు: “కమలిని మన ఎదుటికి ఎప్పుడు వస్తుంది?” విద్యార్థి కథ మళ్లీ తెరుస్తాడు. అర్ధరాత్రి గుమ్మం దగ్గర భర్త, భార్య లేని పడకగది, ఆమె రాసిన ఉత్తరం, నౌకరు రాముడి మీద కోపం. కథ ముగిసే వేళకు గానీ మంచం కింద నుంచి గాజుల చప్పుడూ నవ్వూ వినపడవు. అప్పుడు రెండో ప్రతి ఇలా మొదలవుతుంది: “కథ పొడుగునా కమలిని కనిపించదు, ఆమె ఉత్తరమే మాట్లాడుతుంది. చదువు వచ్చిన భార్య కాబట్టే ఎదుట నిలబడకుండా భర్త చేత తన మాట వినిపించుకోగలిగింది.” ఇప్పుడు అతని దగ్గర ఒక వాదం ఉంది, దానికి కథలోనే సాక్ష్యం ఉంది. మొదటి ప్రతికే పదికి ఏడు వేసి ఇచ్చేసి ఉంటే ఈ వాక్యాలు పుట్టేవి కావు.

పరీక్షలో తిరగరాసే సమయం ఉండదు కదా అంటారు. అమెరికాలోనూ హైస్కూలు పిల్లలు రాసే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (ఏపీ) ఇంగ్లీషు సాహిత్య పరీక్షలో రెండు గంటల్లో మూడు వ్యాసాలు రాయాలి. ఒక్కో వ్యాసానికి ఆరు పాయింట్లు, అందులో నాలుగు సాక్ష్యానికీ వ్యాఖ్యానానికే. ఏడాది పొడుగునా తిరగరాసిన విద్యార్థికి, గడియారం ముందు కూర్చున్నప్పుడు తన మొదటి వాక్యాన్ని తానే నిలదీసే అలవాటు ఉంటుంది. గైడు బట్టీపట్టిన విద్యార్థికి తెలియని ప్రశ్న వస్తే చేతిలో ఏమీ ఉండదు.

క్లాసులో యాభై మంది ఉంటారన్న ఇబ్బంది నిజమైనదే. అన్ని పాఠాలకూ ఇది సాధ్యం కాదు, అవసరమూ లేదు. టర్ముకు ఒక్క వ్యాసం చాలు. మొదటి ప్రతిని పిల్లలు జంటలుగా మార్చుకుని చదవాలి, చెరొక ప్రశ్న రాయాలి. టీచరు ఆ ప్రతి మీద ఒత్తులు దిద్దకుండా, మార్కు వేయకుండా ఒకే ప్రశ్న అడగాలి. వారం తర్వాత రెండో ప్రతికే మార్కు, అదీ రెండు ప్రతులూ కలిపి కుట్టి ఇస్తేనే.

ఇది పరాయి విద్య అనుకోనక్కరలేదు. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’తో గురజాడ తృప్తిపడలేదు. దాన్ని దాదాపు కొత్త నాటకంలా తిరగరాసి 1909లో మళ్లీ అచ్చువేయించారు. మనం నెత్తిన పెట్టుకున్నది ఆ రెండోదాన్నే. పాఠ్యపుస్తకంలో ఉన్న రచయితకు దక్కిన ఆ రెండో అవకాశం, ఆయన గురించి రాసే పదో తరగతి పిల్లలకూ దక్కాలి. దానికి కొత్త జీవో అక్కర్లేదు, ఈ టర్ములో ఒక్క తెలుగు టీచరు మొదలుపెడితే చాలు.