దీపం ఇంటిది, మీట ఎవరిది?

గోడకున్న మీట నొక్కితే దీపం వెలగాలి, మళ్లీ నొక్కితే ఆరాలి. విద్యుద్దీపానికీ గృహస్థుకూ నడుమ శతాబ్దానికి పైగా సాగుతున్న ఒప్పందం ఇంతే. కరెంటు బిల్లు కడుతున్నంత కాలం, బల్బు మాడిపోనంత కాలం ఆ ఒప్పందం చెల్లుతుంది. ఫోనులోని యాప్‌తో రంగులు మార్చే ‘స్మార్ట్’ దీపాలు మధ్యతరగతి ఇళ్లలోకి ప్రవేశించడంతో ఈ పాత ఒప్పందంలోకి మూడో పక్షం వచ్చి చేరింది. ఆ పక్షం పేరు సర్వర్. అది ఏ దేశంలో ఉన్నదో, ఎంతకాలం పనిచేస్తుందో కొనుగోలుదారుకు తెలియదు. బల్బు డబ్బాపై రంగుల సంఖ్య పెద్ద అక్షరాల్లో ఉంటుంది. సేవల గడువు చిన్న అక్షరాల్లో కనిపించడం కూడా అరుదే.

ఈ దీపాల వెనుక ఉన్న విజ్ఞానాన్ని తక్కువ చేసి మాట్లాడనక్కర లేదు. ఎరుపు, ఆకుపచ్చ ఎల్‌ఈడీలు ఎప్పటినుంచో ఉన్నా, నీలి కాంతినిచ్చే ఎల్‌ఈడీ లేక తెల్లని వెలుతురు దశాబ్దాలపాటు సాధ్యపడలేదు. ఆ లోటు తీర్చిన ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజి నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. మూడు మూల వర్ణాల్లో ఒక్కొక్కదానికి 256 స్థాయిలు నిర్ణయిస్తే వచ్చే మేళవింపులు 1,67,77,216. ప్రకటనలు ఊరించే కోటీ అరవై లక్షల రంగులు ఈ గుణకారం నుంచి పుట్టినవే. 2012లో ఫిలిప్స్ సంస్థ ‘హ్యూ’ పేరిట ఇలాంటి దీపాలను విపణిలోకి తెచ్చినప్పుడు మూడు బల్బులు, వాటిని అనుసంధానించే పెట్టె కలిపి 199 డాలర్లు. నేడు మన దేశంలో వైఫైతో పనిచేసే రంగుల బల్బు కొన్ని వందల రూపాయలకే దొరుకుతోంది.

దీనివల్ల ప్రయోజనం లేదనడం కూడా న్యాయం కాదు. మంచం దిగలేని వృద్ధులకు, చేతులు స్వాధీనంలో లేనివారికి నోటి మాటతో వెలిగే దీపం విలాసం కాదు, అవసరం. సూర్యాస్తమయ వేళకు వరండా దీపం తనంతట తానే వెలగడం, అర్ధరాత్రి నడవాలో మసక వెలుతురు నిలవడం, ఊరికి వెళ్లిన కుటుంబం దూరం నుంచే దీపం పెట్టగలగడం నిజమైన సౌకర్యాలే. చిక్కంతా ఈ సౌకర్యాన్ని ఎవరి చేతిలో పెట్టారన్న దగ్గరే ఉంది.

సముద్రాలు దాటే ఆజ్ఞ

చౌక బల్బుల్లో అత్యధికం ఎలా పనిచేస్తాయో గమనిస్తే సంగతి బోధపడుతుంది. యాప్‌లో ‘నీలం’ అని తాకగానే ఆ ఆజ్ఞ మొదట ఇంటర్నెట్ గుండా తయారీదారు సర్వర్‌కు, లేదా ఆ తయారీదారు అద్దెకు తీసుకున్న మరో సంస్థ సర్వర్‌కు చేరుతుంది. అక్కడినుంచి తిరిగి ఇంటి రూటర్‌కు, రూటర్ నుంచి బల్బుకు వస్తుంది. పది అడుగుల దూరంలోని దీపానికి పంపిన ఆజ్ఞ సముద్రాలు దాటి రావచ్చు. ఇంట్లో కరెంటు ఉంటుంది, బల్బు బాగానే ఉంటుంది, కానీ సర్వర్ పలకకపోతే యాప్ మూగబోతుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్న సామెత దీనికి సరిపోతుంది.

ఇది ఊహాజనితమైన భయం కాదు. అమెరికాలో రివాల్వ్ అనే గృహ నియంత్రణ పరికరం సుమారు 300 డాలర్లకు అమ్ముడుపోయింది. ఆ సంస్థను 2014లో గూగుల్ అధీనంలోని నెస్ట్ కొనుగోలు చేసింది. 2016 మే నెలలో సేవలు నిలిపివేయగానే కొన్నవారి చేతిలో ఖాళీ పెట్టె మిగిలింది. జర్మనీకి చెందిన ఓస్రామ్ 2021 ఆగస్టు 31న తన ‘లైటిఫై’ దీపాల సర్వర్లను మూసివేసింది. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే అమెరికా సంస్థ సర్వర్లు ముందస్తు హెచ్చరిక లేకుండా ఆగిపోయాయి. కొందరు వినియోగదారులే కలిసి ఆ సంస్థను కొనుక్కుని సర్వర్లను నిలబెట్టుకోవలసి వచ్చింది. ఆ తరువాత దూర నియంత్రణ సేవకు చందా కూడా మొదలైంది. బెల్కిన్ సంస్థ తన ‘వీమో’ పరికరాల్లో అత్యధిక భాగానికి 2026 జనవరి 31ని చివరి గడువుగా 2025 జులైలో ప్రకటించింది.

ఈ ఉదంతాల్లోనే పరిష్కారం కూడా దాగి ఉంది. ఓస్రామ్ దీపాలు ‘జిగ్‌బీ’ అనే ఉమ్మడి ప్రమాణాన్ని పాటించినందువల్ల వాటిని ఇతర సంస్థల పెట్టెలకు కలుపుకునే వీలు మిగిలింది. వీమో పరికరాల్లో సైతం ఇంటి నెట్‌వర్క్‌లోనే ఆజ్ఞలు అందుకునే ఏర్పాటు గడువుకు ముందే చేసుకున్నవి బతికి బట్టకట్టగలిగాయి. ఆజ్ఞ ఇంట్లోనే పుట్టి ఇంట్లోనే నెరవేరేచోట సంస్థ చేతులెత్తేసినా దీపం ఆరదు. ఆజ్ఞ పరాయి గడప తొక్కి రావలసినచోట వినియోగదారుడు డబ్బు పెట్టి కొన్నది వస్తువును కాదు, గడువు తెలియని అద్దెను.

ఎల్‌ఈడీ బల్బుకు 15,000 గంటల ఆయుర్దాయం అనుకుంటే, రోజుకు 4 గంటల వాడకంపై అది 10 సంవత్సరాలు దాటుతుంది. దాన్ని నడిపే యాప్‌కు అలాంటి హామీ ఏదీ లేదు. దేహానికి పదేళ్లు, ప్రాణానికి ఎన్నేళ్లో తెలియని వస్తువుకు మామూలు బల్బుకంటే కొన్ని రెట్లు ధర చెల్లించడం ఏ లెక్కన గిట్టుబాటు?

పొదుపు లెక్కలో చిల్లు

భారతదేశం ఎల్‌ఈడీ విషయంలో ప్రపంచానికి ఆదర్శంగా నిలిచిన మాట వాస్తవం. 2015 జనవరిలో ఆరంభమైన ‘ఉజాలా’ పథకం కింద 36 కోట్లకు పైగా బల్బులు పంపిణీ అయ్యాయి. టోకు కొనుగోళ్ల వల్ల 2014లో 310 రూపాయలున్న సేకరణ ధర 2016 నాటికి 38 రూపాయలకు దిగివచ్చింది. ఆ పథకం లక్ష్యం విద్యుత్తు ఆదా. స్మార్ట్ బల్బు ఆరి ఉన్నప్పుడు కూడా ఆజ్ఞ కోసం ఎదురుచూస్తూ కొంత కరెంటు తాగుతుంది. అది అర వాటు అనుకున్నా ఏడాదికి 4 యూనిట్లు దాటుతుంది. 9 వాట్ల బల్బును రోజుకు గంటసేపు వెలిగిస్తే ఏడాదికి అయ్యే ఖర్చు 3 యూనిట్ల పైచిలుకు. అంటే అరుదుగా వాడే గదిలో వెలిగినందుకంటే కాచుకున్నందుకే ఎక్కువ కరెంటు ఖర్చవుతుంది.

మన ఇళ్ల అలవాట్లు మరో చిక్కు. గది విడిచి వెళ్లేటప్పుడు గోడమీద స్విచ్ ఆర్పడం పొదుపరి గృహిణికి ప్రాణంతో సమానం. ఆ స్విచ్ ఆర్పితే స్మార్ట్ బల్బుకు యాప్‌తో సంబంధం తెగిపోతుంది. ఇక కరెంటు పోయి అర్ధరాత్రి తిరిగి వచ్చినప్పుడు, తగిన అమరిక చేయనిచోట ఇలాంటి బల్బులు చాలావరకు వాటంతటవే భళ్లున వెలుగుతాయి. విద్యుత్తుకు అంతరాయం లేని దేశాలను దృష్టిలో పెట్టుకుని చేసిన వస్తువును కోతల దేశంలో అమ్మేటప్పుడు కనీసం ఆ సంగతి చెప్పాలి కదా!

ఇంతకంటే గంభీరమైనది గోప్యత. ఇంట్లో దీపం ఎప్పుడు వెలిగింది, ఎప్పుడు ఆరింది, ఎన్ని రోజులు అసలే వెలగలేదు అన్న వివరాలు చాలు, ఆ ఇంటివారి నిద్రవేళలూ ప్రయాణాలూ తెలిసిపోవడానికి. 2023లో పార్లమెంటు వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం చేసింది. 2025 నవంబరులో నిబంధనలు వెలువడినా, సంస్థలపై కీలక బాధ్యతల అమలుకు 18 నెలల వ్యవధి ఇచ్చారు. భద్రత మాటకొస్తే, ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ, కెనడాలోని డల్‌హౌసీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో డ్రోన్ సాయంతో ఒక భవనం బయటినుంచే లోపలి స్మార్ట్ దీపాలను స్వాధీనం చేసుకుని చూపారు. తయారీదారు ఆ లోపాన్ని సరిదిద్దింది. సరిదిద్దే నాథుడు లేని చౌక బల్బుల మాటేమిటి?

చట్టం చేయవలసినది

ప్రభుత్వమే కొనుగోలుదారుగా ఉన్నప్పుడు ఈ జాగ్రత్త కనిపిస్తుంది. 2014 అక్టోబరు నాటి హుద్‌హుద్ తుపాను తరువాత విశాఖపట్నం వీధుల్లో ఎల్‌ఈడీ దీపాలు వెలిశాయి. 2015లో మొదలైన జాతీయ వీధి దీపాల కార్యక్రమం కింద దీపాలను ఒకే కేంద్రం నుంచి నియంత్రించే ఏర్పాటు ఉంది, నిర్వహణ బాధ్యత 7 సంవత్సరాలు సరఫరా సంస్థదే. పురపాలక సంఘానికి దక్కిన హామీ ఇంటి యజమానికి ఎందుకు దక్కరాదు?

ఇతర దేశాలు మేలుకున్నాయి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అమలైన చట్టం ప్రకారం ఇంటర్నెట్‌తో నడిచే గృహోపకరణం అమ్మేవారు భద్రతా మార్పులు ఎంతకాలం అందిస్తారో ముందుగా ప్రకటించాలి. ఐరోపా సమాజం చట్టం ప్రధాన బాధ్యతలు 2027 డిసెంబరు నుంచి వర్తిస్తాయి, సాధారణంగా కనీసం 5 సంవత్సరాల మద్దతు తప్పనిసరి. మన దేశం కూడా సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలను 2025 నుంచి తప్పనిసరి చేసింది. ఎల్‌ఈడీ బల్బులకు ఇప్పటికే భారతీయ ప్రమాణాల సంస్థ వద్ద నమోదు ఉంది. విద్యుత్ ప్రమాదాలు జరగకుండా చూసే ఆ నమోదును సర్వర్ ప్రమాదాలకూ విస్తరించడం అసాధ్యం కాదు.

చేయవలసినవి నాలుగే. సేవలు ఏ సంవత్సరం వరకు అందుతాయో డబ్బాపై ముద్రించాలి. ఇంటర్నెట్ లేకున్నా ఇంట్లోని ఫోనుతో దీపం వెలిగించే, ఆర్పే, రంగు మార్చే సదుపాయం విధిగా ఉండాలి. 2022లో వెలువడిన ‘మ్యాటర్’ ఉమ్మడి ప్రమాణం ఇందుకు దారి చూపుతోంది. సేవలు మూసివేసే సంస్థ వినియోగదారులు స్వయంగా నడుపుకోవడానికి కావలసిన సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేయాలి, లేదా నష్టపరిహారం చెల్లించాలి. ఎదురుచూపుల కరెంటు ఎంతో స్టార్ ముద్ర పక్కనే తెలపాలి. వస్తువు నాణ్యతా ప్రమాణాలు తెలుసుకునే హక్కును 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఇదివరకే గుర్తించింది. సర్వర్ ఆయుష్షు కూడా ఆ నాణ్యతలో భాగమని కేంద్రం స్పష్టం చేస్తే చాలు.

ఈలోగా కొనుగోలుదారుడు దుకాణంలో ఒక్క ప్రశ్న వేయడం మంచిది: ఇంటర్నెట్ తీసేస్తే ఈ దీపం ఏమేమి చేయగలదు? జవాబు రాకపోతే మామూలు ఎల్‌ఈడీతో తృప్తి పడటమే లాభం. కోట్ల సంఖ్యలో ఇలాంటి బల్బులు ఇళ్లకు చేరిన తరువాత నిబంధనలు రాస్తే ఫలితం స్వల్పం. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న పెద్దల మాట వినియోగదారుల వ్యవహారాల శాఖకూ వర్తిస్తుంది.